గుంతలో పోసిన పొడి

సున్నం కావాలని వచ్చినవాణ్ని "ఏ సున్నం?" అని అడిగితే "తెల్ల సున్నం" అంటాడు. నల్ల సున్నం, పచ్చ సున్నం నేనేదో లోపల దాచిపెట్టుకున్నట్టు! ఇరవై రెండేళ్లుగా కోస్గి రోడ్డు మీద సున్నం బట్టీ, దాని ముందు చిన్న కొట్టు పెట్టుకుని బతుకుతున్నాను. గోడలకు కొట్టేది వేరు, తమలపాకుకు రాసేది వేరు, బావిలో వేసేది వేరు అని చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. ఎవడూ వినడు. పైగా దస్తగిరికి కోపమెక్కువ అని ఊరంతా పేరు. నా కొట్టులో ఒక్క పూట కూర్చుని చూస్తే తెలుస్తుంది, ఆ కోపం నాకు ఎవరు తెచ్చిపెట్టారో.

అండాలు వచ్చింది ఎనభై తొమ్మిదిలో, మే నెల చివర. రోహిణి ఎండలు. బట్టీ వేడి ఒకపక్క, పైన ఎండ ఒకపక్క. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, కొట్టు ముందు నిలబడింది.

"అన్నా, చెల్కకు సున్నం ఇయ్యి. రెండెకరాలకు."

"ఏ సున్నం?"

"మంచిది."

తెల్లది అననందుకు సంతోషించాను.

ఆమె నాకు కొత్త కాదు. నాలుగు కిలోమీటర్ల అవతల ఊరు. ప్రతి సంత రోజూ నా కొట్టు ముందు నుంచే నడిచి పోతుంది. ఆమె మామ గుర్వయ్య ఏడాదికోసారి వచ్చి అర సంచి సున్నం తీసుకుపోతాడు. మొగుడు లింగస్వామి నిరుడు కూలీలను తోలుకుపోయే మేస్త్రి వెంట పుణె వైపు కాలువ పనికి పోయాడు. ఉన్నది రెండెకరాల ఎర్ర చెలక. అందులో రెండేళ్లుగా పల్లి వేస్తే చెట్టు ఏపుగా వస్తోంది, పూత వస్తోంది, పీకి చూస్తే కాయలన్నీ తాలు. పెంకు ఉంటుంది, లోపల గింజ ఉండదు.

"ఈసారి గుడ తాలు వోతే, దీపావళి అయినంక లారీ వస్తది. అందరం ఎక్కాల్నని మా మామ మేస్త్రికి మాటిచ్చిండు," అంది. "ఒకపాలి పోయిన్నన్నా. మల్ల పోను," అంది.

ఏడవలేదు. గొంతు పెంచలేదు. రేపు మంగళవారం అన్నట్టు చెప్పింది. అక్కడ ఏం జరిగిందని నేను అడగలేదు. ఆ పనులకు పోయి వచ్చిన ఆడవాళ్లు నా కొట్టు ముందే లారీ దిగుతారు. వాళ్ల మొహాలు చూసినవాడికి ఇంక అడగవలసింది ఏమీ ఉండదు.

"సున్నం ఎయ్యమని ఎవరు చెప్పిన్రు?"

"మా చుట్టు చెల్కలోల్లకు భూసారం కార్డులొచ్చినయి. నేల పులిసింది, సున్నం ఎయ్యిమని రాసిన్రు."

"మరి నీ కార్డు?"

కొంగు ముడి విప్పి, నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. చదివాను. 'ఉదజని సూచిక 8.4. నేలలో సున్నం సమృద్ధిగా ఉన్నది. సున్నం వేయరాదు.'

నాకు ఒళ్లు మండింది. "వద్దని సర్కారు రాసిస్తే, ఇయ్యిమని నా కాడికొస్తవా?"

"మరి తాలెందుకు వోతుంది?"

"నాకేం తెలుసు? సున్నం అమ్మేటోన్ని. నేలకు నాడి పట్టేటోన్ని కాదు."

ఆమె వెళ్లిపోలేదు. కొట్టు మెట్టు మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా కూర్చుంది. వచ్చినవాళ్లు ఆమె పక్కనుంచి ఒత్తుకుని లోపలికి రావలసి వచ్చింది. ఇద్దరు ముగ్గురు, ఏమైందని అడుగుతూ నన్ను దొంగను చూసినట్టు చూశారు. నా భార్య అజ్మత్ బీ లోపలినుంచి నీళ్లు తెచ్చి ఆమెకిచ్చి, ఆ కార్డు సంగతి విని, నావైపు తిరిగింది.

"చుట్టు నాలుగు చెల్కలు పులిస్తే, నడుమ ఇదొక్కటే సున్నంతోని నిండుతదా? అక్కల్ లేదా, బుర్ర లేదా?"

అజ్మత్ బీ పుట్టి బుద్ధెరిగి నాగలి పట్టలేదు. అయినా ఆమె అన్నది సరైన మాటే. అందుకే ఇంకా కోపం వచ్చింది.

"ఆ మట్టి తీసింది ఎవరు?" అని అండాలును అడిగాను.

"మా మామ. నేను నాట్లకు పోయిన ఆ దినం. ఏడ తీసిండో తెల్వదు."

"పో. ఆయన్ని తోల్కరా."

మర్నాడు గుర్వయ్య వచ్చాడు. పొడుగాటి మనిషి, తలకు రుమాలు, చేతిలో కర్ర. వ్యవసాయ సారు ఊరూరా తిరిగి చెప్పాడు, నేనూ విన్నాను: చేనంతా తిరిగి పది చోట్ల తవ్వాలి, గట్ల దగ్గర తీయొద్దు, పెంట కుప్పల దగ్గర తీయొద్దు, అంతా కలిపి అరకిలో ఇవ్వాలి అని.

"మట్టి ఏడ తీసినవు పెద్దయ్యా?"

"మంచి జాగలనే తీసిన."

"మంచి జాగ అంటే?"

"ఈదమ్మ కాడ."

నా తల తిరిగిపోయింది. వాళ్ల చెలక మూలలో మూడు రాళ్లుంటాయి. అదే వాళ్ల ఈదమ్మ. ఏటా విత్తే ముందు ఆ రాళ్లకు సున్నం కొట్టి, కుంకుమ బొట్లు పెట్టి మొక్కుతారు. కలిపిన సున్నం మిగిలితే ఇంటికి తిరిగి తేరాదట, అక్కడే కుమ్మరించి వస్తారు. వాళ్ల తాతల నాటి పద్ధతి. ఏడాదికి అర సంచి చొప్పున, గుర్వయ్య తండ్రి కాలం నుంచీ.

"తానం చేసి, తెల్ల బట్టల మూట గట్టి ఇచ్చిన," అన్నాడు గుర్వయ్య గర్వంగా. "సర్కారు కాడికి పోయే మట్టి. ఏడ వడితే ఆడ తవ్వి ఇస్తరా?"

అంటే మహబూబ్‌నగర్ ఆఫీసులో వాళ్లు పరీక్షించింది చెలకను కాదు. నేనూ మా నాయినా ముప్పై ఏళ్లుగా అమ్మిన సున్నాన్ని. సమృద్ధిగా ఉన్నదని రాశారు మరి, ఉండకేం చేస్తుంది? నా సరుకును సర్కారు మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

మళ్లీ మట్టి పంపితే కార్డు రావడానికి నలభై రోజులు అన్నాడు సారు. విత్తే మిరుగు కార్తెకు ఇంకా పది రోజులే ఉంది. రాయి మంచిదో కాదో చూడటానికి బట్టీ దగ్గర మేం ఒక చుక్క తేజాబ్, అంటే యాసిడ్, వేస్తాం. నురగ వస్తే సున్నపురాయి, రాకపోతే ఉత్త రాయి. ఆ సీసా జేబులో పెట్టుకుని, సైకిలెక్కి, తిట్టుకుంటూ వాళ్ల చెలకకు పోయాను. ఈదమ్మ దగ్గరి మట్టి మీద చుక్క వేస్తే బుస్సున పొంగింది. చెలకలో పది చోట్ల తవ్వించి వేశాను. ఎక్కడా చలనం లేదు.

"సూసినవా, ఈదమ్మ మట్టికి ఎంత పవరున్నదో!" అన్నాడు గుర్వయ్య.

వయసులో చిన్నవాడైతే సున్నంలోకి ఎముక మిగలకుండా తన్నేవాణ్ని. అండాలు మాత్రం పది గుంతలనూ ఒక్కొక్కటే చూసి, చివరి గుంత దగ్గర నిలబడి, "అయితే మాది గుడ పులిసిన నేలనే," అంది.

"ఔ. చుట్టు నాలుగు కార్డులు ఏం చెప్పినయో, మీదీ గదే."

ఇక మిగిలింది ఏ సున్నం అన్న ప్రశ్న. అండాలు కొట్టుకు వచ్చి కాల్చిన సున్నం గడ్డలే కావాలంది. పొగలు కక్కేదే బలమైనదని వాళ్ల లెక్క. నేను మళ్లీ మొదలుపెట్టాను. గడ్డ మీద నీళ్లు పడితే ఉడుకుతుంది, నేలలో గింజ ఉంటే దాన్నీ ఉడికిస్తుంది. నీళ్లతో చల్లార్చిన పొడి కొంత నయం, కానీ దాని వేడి పోవడానికి వారాలు పడుతుంది, మిరుగుకు విత్తలేరు. చెలకకు కావలసింది అసలు కాల్చని రాయి. పచ్చి సున్నపురాయిని పిండిలాగా చేసి చల్లితే చెయ్యి కాలదు, విత్తనం కాలదు, నేల పులుపు మెల్లగా దిగుతుంది.

"గది నీ కాడ ఉందా?"

ఉంది. అదే వచ్చిన చిక్కు. తాండూరు వైపు సున్నపురాయి బండలు కోసే చోట, రుద్దే చోట, సన్నటి పొడి గుట్టలుగా పడి ఉంటుంది. తీసుకుపొమ్మని వాళ్లే బతిమాలుతారు. నాకు రాయి తెచ్చే లారీలో నేనూ ఏటా ఇంత పోయించుకుని వస్తాను. దేనికి? కొట్టు ముందు రోడ్డులో ఉన్న గుంత నింపడానికి. వానాకాలం ముందు పోస్తే లారీల చక్రాలు తొక్కి గట్టిపడుతుంది, ఏడాది గడుస్తుంది.

నేను గుంతవైపు చెయ్యి చూపించాను. అండాలు చూసింది.

"గీ గుంతల పోసేదా?"

"గదే."

"రెండేండ్ల సంది దీని మీదికెంచే నడుస్తున్న గదన్నా."

"అడిగితే గదా చెప్పేది!" అని అరిచాను. అరిచాక సిగ్గేసింది. ఎవరడుగుతారు? రాళ్లకు కొట్టే సున్నం కొనడానికి వచ్చినవాణ్ని, నీ పల్లి ఎట్లుందని నేనైనా అడిగానా? రెండు పంటలు తాలుపోయిన సంగతి ఈ రోడ్డు మీద పోయే అందరికీ తెలుసు. నాకూ తెలుసు. వేరే ఎవరికీ తెలియని ఇంకొక సంగతి నాకు తెలిసి ఉండి, దాన్ని గుంతలో పోసుకుంటూ కూర్చున్నాను.

ఆ వారమే రాయి లారీతో పాటు తాండూరు పోయి, బండల పొడి నింపించుకుని వచ్చాను. వెళ్లేముందు గుర్వయ్యకు కూడా చెప్పాను. ఆయన పెదవి విరిచాడు. "రోడ్డు మీద పోసే దుబ్బకు ఏం బలముంటదయా? ఊకె ఇచ్చేదాన్ని మందంటరా?"

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి అజ్మత్ బీ బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది. "గుర్వయ్య వచ్చిండు పొద్దున. ఈదమ్మ రాళ్లకని నాలుగు సంచుల గడ్డలు తీస్కపోయిండు."

"మూడు రాళ్లకు నాలుగు సంచులా?"

"నాకేం ఎరుక? పెద్ద రాళ్లేమో అనుకున్న."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. బండి కట్టించి పొడి వేసుకుని రమ్మని ఆమెకు చెప్పి, నేను సైకిల్ మీద పరుగు. తూర్పున మబ్బు పడుతోంది. ఆ మబ్బు కోసం పాలమూరు జిల్లా అంతా ఎదురుచూస్తోంది, నేను ఒక్కణ్నే ఆగమని మొక్కుతున్నాను.

పోయేసరికి గుర్వయ్య గంప నెత్తిన పెట్టుకుని, ఈదమ్మ మూల నుంచి మొదలుపెట్టి సగం చెలక చల్లేశాడు. ఎర్ర నేల మీద తెల్లగా గడ్డలు. నేను సైకిల్ పడేసి ఏరడం మొదలుపెట్టాను.

"ఏం జేస్తున్నవయా? నేను చల్లుతుంటే నువ్వు ఏరుతున్నవేంది?"

"నీ కోడలు కష్టాన్ని ఏరుతున్న!"

అండాలు ఎవరో చెబితే ఉరికి వచ్చింది. మామ నెత్తి మీది గంప గుంజుకుని ఏరింది. కాసేపటికి బండి వచ్చింది, అజ్మత్ బీ దిగి కొంగు దోపింది. పుట్టి బుద్ధెరిగి చేనులో అడుగు పెట్టని మనిషి, నన్ను తిడుతూ, గుర్వయ్యను తిడుతూ, మధ్యలో మబ్బును కూడా తిడుతూ గంపలు నింపింది. గుర్వయ్య కర్ర పట్టుకుని నిలబడి, కాల్చని రాయికి బలమెక్కడిదని వాదిస్తూనే ఉన్నాడు. ఆయన మడమలు అప్పటికే ఎర్రగా కమిలి ఉన్నాయి. అది కూడా ఎండ వేడి అంటాడు!

చినుకులు మొదలయ్యేసరికి ఈదమ్మ ముందటి మూల ఏరకుండా మిగిలిపోయింది. ఇంక చేసేదేమీ లేదు. నలుగురం గట్టు మీద నిలబడి చూశాం. గడ్డలు చిటపటమన్నాయి, పగిలాయి, పొంగాయి, నేలలోంచి ఆవిరి లేచింది. గుర్వయ్య వంగి ఒక పలుకు అందుకుని, చురుక్కుమంటే వదిలేశాడు.

"ఉడుకుతున్నది," అన్నాడు మెల్లగా.

"ఇత్తనం గుడ గట్లనే ఉడుకుతది," అన్నాను.

ఆయన కర్ర పక్కన పెట్టి, ఏరిన గంపలు బండి ఎక్కించాడు. మర్నాడు పొద్దున మేం తెచ్చిన పొడి చల్లి, కలియదున్ని, తడి చూసుకుని పల్లి విత్తారు. ఊడలు నేలలోకి దిగే ముందు జిప్సం వేస్తే కాయ నిండుతుందని సారు చెప్పాడు. పూత దశలో సారు వెంట కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగి, రెండు సంచులు ఆమెకు ఇప్పించాను. బట్టీ పని ఎవడు చూడాలి? "మనది చెల్కనా? గంత ఫికర్ ఎందుకు?" అని అజ్మత్ బీ ఎగతాళి. ఆమే మళ్లీ సంత రోజున అండాలును ఆపి, "పూసిందా? ఊడ దిగిందా?" అని నాకంటే ముందు అడిగేది.

మొక్క ఏపుగా వచ్చింది. కానీ నిరుడూ అంతే వచ్చింది, ముందటేడూ అంతే. పల్లి సంగతి పీకితే గాని తెలియదు. ఆ నాలుగు నెలలూ నాకు ఎవరు ఏం అడిగినా కోపమే వచ్చింది.

దసరాకు లింగస్వామి ఇంటికి వచ్చాడు. ఆ తర్వాత వారానికి గుర్వయ్య నా కొట్టుకు వచ్చాడు. చేతిలో వేళ్లతో సహా పీకిన పల్లి చెట్టు, మట్టి ఇంకా రాలుతోంది. ఏమీ అనకుండా కాయ తెంపి బల్ల మీద చిదిమాడు. రెండు గింజలు. ఇంకొకటి. రెండు గింజలు. ఇంకొకటి నేను చిదిమాను. గింజ గట్టిగా, పెంకు నిండా ఉంది. నాకు కళ్లు తడయ్యాయి, సున్నం కొట్టు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

"ఈదమ్మ దయ," అన్నాడు గుర్వయ్య.

తడి అంతా ఎగిరిపోయింది. తాండూరు పోయినవాడు లేడు, సైకిల్ తొక్కినవాడు లేడు, జిప్సం తెచ్చినవాడు లేడు! "మరి ఆ మూలకు దయ రాలేదా? ఆమె ముంగట్నే ఉన్నది గదా, ఒక్క మొలక లేదు!"

"గది నేను చేసిన తప్పు. ఆమె ముంగట చేసిన, ఆమె ముంగట్నే కనవడుతున్నది." తెచ్చిన చెట్టును అజ్మత్ బీ చేతికిచ్చి వెళ్లిపోయాడు. ఆమె ఆ కాయలు ఉడకబెట్టింది, నాకు పది కూడా మిగల్చలేదు.

దీపావళి అయిన మూడో రోజు మేస్త్రి లారీ వచ్చింది. ఏటా నా కొట్టు ముందే ఆగుతుంది, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అక్కడే ఎక్కుతారు. మూటలు, గిన్నెలు, పిల్లలు, ఒక మేక కూడా. ముందు రోజు పడ్డ వానకు గుంత మోకాలి లోతు అయింది. ఈసారి దాన్ని నింపలేదు. ఉన్న పొడి అండాలు చెలకకు పోయింది, మిగిలిన కుప్పను చుట్టుపక్కల చెలకలవాళ్లు ఊడ్చుకుని పోయారు. లారీ వెనక చక్రం నేరుగా అందులో దిగింది. నాలుగుసార్లు గుర్రుమని, బురద నా కొట్టు తలుపుల మీదికి చిమ్మి, అక్కడే ఆగిపోయింది.

"ఏం దస్తగిరీ! ఏటేటా నింపుతవు గదా గీ గుంత!" అని మేస్త్రి నా మీద అరిచాడు.

"ఈసారి పొడి చెల్కలకు వోయింది."

"చెల్కలకా? రోడ్డు మీది దుబ్బ చెల్కలకా?" అని నవ్వి, తలలు లెక్కపెట్టాడు. "ముగ్గురు తక్కువున్నరు. గుర్వయ్య మాటిచ్చిండు. ఏడి?"

అప్పుడే పల్లి సంచులతో బండి తోలుకుంటూ వాళ్లు సంతకు వస్తున్నారు. గుర్వయ్య, లింగస్వామి, వెనక అండాలు. మేస్త్రి చెయ్యి ఊపాడు. "జల్ది ఎక్కుండ్రి! జాగ ఉంచిన!"

గుర్వయ్య బండి ఆపి తల దించుకున్నాడు. పంట తాలుపోతేనే అని ఆయన ఇచ్చిన మాట. అయినా మాట మాటే కదా అన్నట్టు ఉంది ఆయన మొహం. లింగస్వామి తండ్రివైపు చూశాడు. తండ్రి ఎక్కమంటే ఎక్కేవాడే. అండాలు ఎవరివైపూ చూడలేదు. చీర పైకి దోపుకుని, సరాసరి గుంతలోకి దిగి, లారీ వెనక పలకకు రెండు చేతులూ ఆనించింది.

"నువ్వు ఎక్కాల్సింది పైకి!" అన్నాడు మేస్త్రి.

"నేను ఎక్క. నూకుతున్న," అంది.

లింగస్వామి దిగాడు. గుర్వయ్య రుమాలు బిగించి దిగాడు. ముగ్గురి వల్లా కాదని తెలుసు కాబట్టి నేనూ దిగాను. బురద మొహాన కొడుతోంది. పైన లారీలో అంచున కూర్చున్న ఒక మనిషి, అండాలు ఈడుదే, పిల్లను ఒళ్లో పెట్టుకుని కిందికి చూస్తోంది.

"నువ్వు వస్తలేవా అండాలూ?"

"రాను." నెడుతూనే తల ఎత్తింది. "మీ చెల్క మట్టి పరీక్షకిచ్చిన్రా?"

"ఇచ్చినం. మంచిగనే ఉన్నదని రాసిన్రు."

"ఏడ తీసిన్రు మట్టి?"

పైనున్న మనిషికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఏదో చెప్పబోయింది. అంతలో చక్రం గుంతలోంచి ఎగిరి పైకి వచ్చింది. లారీ ఆగలేదు, ఆగితే మళ్లీ దిగబడుతుందని డ్రైవర్ భయం. ఆమె చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఏమిటని అడుగుతూనే ఉంది. అండాలు అరిచింది, వినపడలేదు. లారీ మలుపు తిరిగింది.

ఆమె గుంతలోనే నిలబడి ఉంది. "అన్నా, వాల్లు మల్ల ఎప్పుడొస్తరు?"

"ఎండకాలం."

"అప్పటికి పొడి తెచ్చిపెట్టు."

నేను ఏదో కసురుకున్నాను. ఏమన్నానో గుర్తు లేదు. ఆ వేసవికి రెండు లారీల పొడి తెప్పించాను. గుంత ఇప్పటికీ అలాగే ఉంది. నింపవేమని ఎవరైనా అడిగితే ముందు తిడతాను, తర్వాత వాళ్ల చెలక మట్టి ఎక్కడ తీశారో అడుగుతాను.